వెనక పేజీలు చదవని సారు

పోయిన నెల మా మేనకోడలు వచ్చి రెండు రోజులుండి, పోతూ పోతూ నన్ను ఫోనులో ఒక చర్చావేదికలో చేర్పించి పోయింది. పుస్తకాలు చదివేవాళ్లు అందులో పొద్దస్తమానం మాట్లాడుకుంటూ ఉంటారట. "మామా, నువ్వు ఊకె అత్తమ్మను సతాయించుడు కన్నా గిండ్ల వాదులాడుకో, ఇద్దరికీ సుఖం" అంది. అద్దాలు సర్దుకుని, ఒక వేలితో కష్టపడి, ఒక పాత నవల పేరు రాసి అది ఎక్కడ దొరుకుతుందని అడిగాను. లేచి నీళ్లు తాగి వచ్చేలోపల జవాబు వచ్చింది. పొద్దుతిరుగుడు పువ్వు బొమ్మ పెట్టుకున్న ఒకామె, "అంకుల్, అడిగే ముందు దయచేసి పైన ఉన్నవి చదవండి. నిన్న అంతా దీని గురించే మాట్లాడుకున్నాం" అని రాసింది. దాని కింద పదిమంది బొటనవేళ్లు పైకెత్తారు. నా వయసువాడికి కోపం రావాలి. నాకు నవ్వు వచ్చింది. ఆగకుండా నవ్వుతుంటే మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో వచ్చి, "పానం మంచిగున్నదా?" అని నుదురు ముట్టుకుని చూసింది.

ఆ మాట నాకు కొత్త కాదు. ఇంటర్నెట్టనే మాట మా చెవిన పడకముందే, జైనూర్ అవతలి కొండల్లో, ఎర్ర సిరాతో ఒక పెద్దమనిషి నాకు అదే మాట రాసిపెట్టాడు. అప్పుడు మాత్రం నవ్వలేదు. మూడు వారాలు అన్నం సరిగా తినలేదు.

తప్పు నాలో పుట్టుకతో ఉంది. మాది హుజూరాబాద్ దగ్గర పల్లె. మా ఇంట్లో పేపరుకు ఒక మర్యాద ఉండేది. మధ్యాహ్నం బస్సులో వచ్చిన పేపరును బాపు ముట్టేముందు కాళ్లూ చేతులూ కడుక్కునేవాడు. అరుగు మీద కూర్చుని, పేపరు పేరు దగ్గర మొదలుపెట్టి, చివరి పేజీ అడుగున ఎక్కడ అచ్చయిందో చెప్పే చిన్న అక్షరాల దాకా, ఒక్క ముక్క వదలకుండా చదివేవాడు. ఎడ్ల దాణా ప్రకటన వచ్చినా, మాకు ఎడ్లు లేని కాలంలో కూడా, దాన్నీ చదివేవాడు. ఆయన మడిచి పక్కన పెట్టేదాకా ఎవరూ తాకరాదు. నాకు అంత ఓపిక ఎక్కడిది? ఎదురుగా నిలబడి తలకిందుల అక్షరాలు చదివేవాణ్ణి. సగం చదివి, మిగతా సగం నేనే ఊహించుకుని, ఊరంతా తిరిగి చెప్పేవాణ్ణి. ఒకసారి బతికున్న పట్వారీని అలాగే చంపేశాను. వాళ్లింటికి నలుగురు పలకరింపుకు కూడా పోయారు. "వీడు అన్నం ఉడకకముందే విస్తరేసుకుంటడు" అని అవ్వ అనేది. బాపు అయితే "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఊరుకునేవాడు. ఇలాంటివాడికి సర్కారు పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం ఇచ్చింది.

మొదటి పోస్టింగు జైనూర్ దాటిన తర్వాత కొండల్లో ఒక ఊళ్లో పడింది. ఒకటే గది బడి, ఒకడే సారు. బస్సు రోజుకు ఒకటే. పొద్దున పైకి పోయేది, సాయంత్రం దిగి వచ్చేది. నేనుండే గది ఒక మరాఠీ ఇంటావిడది. ఆమె పొద్దున్నే జొన్న రొట్టెలు కొట్టే చప్పుడుకు మెలకువ వచ్చేది. ఎండాకాలమైతే వాకిట్లో ఆరబోసిన ఇప్పపువ్వు వాసన బట్టలకు పట్టి బడిదాకా వచ్చేది. వానాకాలమైతే నా గ్యాసునూనె స్టవ్వు వాసన, తడిసిన గోడ వాసన కలిసి అన్నంలోకి దిగేవి. ఇంటావిడ నాకు తెలుగులో చెప్పేది, తన కోడళ్లకు మరాఠీలో చెప్పేది, బర్రెకు రెండూ కలిపి చెప్పేది. అన్నీ ఉన్నాయి, చదవడానికి అక్షరం ముక్క లేదు. మొదటి నెలలో బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాలు కూడా విప్పి చదువుకున్నాను.

అప్పుడు నా దగ్గరికి ఖాకీ గుడ్డ సంచి వచ్చింది. జైనూర్ హెడ్మాస్టరు కేశవరావు సార్ చేసిన ఏర్పాటు అది. ఆ దారిలో ఉన్న ఐదు బళ్ల సార్లకు కలిపి ఒకే ఒక వారపత్రిక, దానితో పాటు ఒక పెద్ద రూళ్ల నోటుబుక్కు. పత్రిక చదివి, చదివినదాని మీద మన అభిప్రాయం నోటుబుక్కులో రాసి, మళ్లీ సంచిలో పెట్టి, మరునాడు బస్సు రాగానే కండక్టరు యాకూబ్ చేతికివ్వాలి. శుక్రవారం జైనూర్లో బయలుదేరి, మధ్యలో రెండు బళ్లు తిరిగి, ఆదివారం నా దగ్గరికి, సోమవారం నర్సయ్య సార్ దగ్గరికి, మంగళవారం చివరి బడిలో ఉండే సుగుణ టీచర్ దగ్గరికి పోయేది. అందరం రాసుకోవడమే తప్ప కలిసేది సంవత్సరానికి రెండుసార్లు, మీటింగుల్లో. రాతలో కొట్లాడుకున్నవాళ్లు అక్కడ ఎదురుపడితే చాయ్ తాగి, "పిల్లలు మంచిగున్నరా?" అని ఒకరినొకరు అడిగి, మళ్లీ బళ్లకు పోయి కొట్లాట అందుకునేవాళ్లు.

అట్ట లోపల కేశవరావు సార్ ఎర్ర సిరాతో కట్టుబాట్లు రాసిపెట్టారు. వెనక పేజీలు చదివిన తర్వాతనే కలం తియ్యాలి. సీరియల్లో ఏం జరగబోతుందో తెలిసినా చెప్పరాదు. ఒకరి రాత మీద ఒకరు గీత కొట్టరాదు. కోపం వస్తే ఒక బస్సు వదిలెయ్యాలి, అంటే ఆ రోజు ఏమీ రాయకుండా సంచిని ఇంకో రోజు ఆపుకోవాలి. చేతులు కడుక్కోకుండా పత్రిక ముట్టరాదు. ఈ చివరిదానికి కారణం ఉంది. పత్రిక మాది కాదు, జైనూర్లో డాక్టరుగారి భార్యది. ఆమె తను చదివి మాకిచ్చి, సోమవారం సాయంత్రం బస్సుకు వాపసు తెప్పించుకునేది. సీరియల్ పేజీలు ఊడదీసి, తెల్లదారంతో కుట్టి, పాత క్యాలెండర్ కాగితం అట్ట వేసుకునేది. ఒకసారి నా రొట్టె నూనె మరక కథానాయిక ముఖం మీద పడితే, డాక్టరమ్మ కొత్త సారుకు సబ్బు పంపమంటారా అని కబురంపింది.

కట్టుబాట్లు నేను చదివానా? మొదటి వాక్యం చదివాను. మిగతావి ఎలాగూ మంచి మాటలే ఉంటాయనుకున్నాను.

నా ముందు రెండు బళ్ల సార్లకు నేను 'ఔను సార్లు' అని పేరు పెట్టాను. ఎవరేం రాసినా ఒకాయన "ఔను" అని, రెండో ఆయన "బరాబర్ ఔను" అని రాసి సంతకం పెట్టేవాళ్లు. సుగుణ టీచర్ ప్రతివారం "అందింది. సుగుణ" అని మాత్రం రాసేది. అసలు చిక్కు నర్సయ్య సారుతో. ఆయన మంథని మనిషి, రిటైరుమెంటుకు దగ్గరబడ్డాడు. ప్రతివారం మూడు పేజీలు, ఒక్కొక్కసారి నాలుగు పేజీలు నింపేవాడు. పైన సీరియల్ పేరు, కింద ఒక గీత, ఆ కింద గుమ్మడికాయలంత అక్షరాలతో కథ. రెండు రూళ్లకు ఒక వరుస. నాకు ఒళ్లు మండేది. పత్రిక అందరం చదివిందే కదా, దాన్నే మళ్లీ ఎత్తి రాయడమెందుకు? పైగా ఆ సీరియల్ చూస్తే, సునంద అనే అమ్మాయి అత్తింటి మీద అలిగి రైలెక్కి నెలలు దాటింది. రైలు దిగదు. వారానికొక ప్రయాణికుడు ఎదురుగా కూర్చుని తన కథ చెబుతాడు. ఆమె కన్నీళ్లు తుడుచుకుంటుంది, సశేషం.

కేశవరావు సార్ బిడ్డ పెళ్లికని సెలవు పెట్టి పోయిన వారం నా బుద్ధి గడ్డి తిన్నది. పెద్దదిక్కు లేదు కదా అని ధైర్యం. పావు గంటలో రాసి పారేశాను: "నర్సయ్య సార్ గారికి విన్నపం. కథను రచయిత ఒకసారి రాసిండు. పత్రికవాళ్లు ఒకసారి అచ్చేసిండ్రు. మళ్లీ తమరు రాసుడు ఎందుకో మాకు తెల్వదనుకోకండి. మా బడిలో పలకలు చాలినన్ని లేవు, తమరి అక్షరాలు ఒకటో తరగతికి పంపితే పిల్లలు దిద్దుకుంటరు." ఆ రోజంతా నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇంటావిడ ఏం సంగతని అడిగితే ఆమెకూ చదివి వినిపించాను. ఆమె రొట్టె తిప్పుతూ, "మంగ్, మరి ఆ సారు వయసు ఎంత?" అని మాత్రం అడిగింది.

మరుసటి ఆదివారం సంచి రాగానే ఆత్రంగా విప్పాను. నా రాత కింద నర్సయ్య సార్ చిన్న చిన్న అక్షరాలతో "చదివిన. నర్సయ్య" అని రాశాడు, అంతే. సుగుణ టీచర్ "అందింది" కూడా రాయలేదు. దాని కింద ఔను సార్లు ఇద్దరూ ఔను, బరాబర్ ఔను. నేను గెలిచాననుకున్నాను. ఉత్సాహం పట్టలేక, కాగితం పొదుపు మీద ఇంకో నాలుగు వరుసలు కూడా రాశాను. సంచి ఇవ్వబోతే మాత్రం, రోజూ కిటికీలోంచి వంగి "ఏం నడుస్తున్నది సార్?" అని పలకరించే యాకూబ్ మొహం అటు తిప్పుకున్నాడు.

"ఏమైంది యాకూబ్ భాయ్, మాట్లాడుతలెవ్వు?" అన్నాను.

"నేను కండక్టర్ను సార్, టికెట్లు చింపుత. మాటలు సదువుకున్నోళ్లు రాస్తుండ్రు గద" అని విజిల్ వేశాడు.

మూడో వారం నర్సయ్య సార్ మళ్లీ "చదివిన". సుగుణ టీచర్ చోటు మళ్లీ ఖాళీ. కేశవరావు సార్ పెళ్లినుంచి తిరిగివచ్చారు. నన్ను తిట్టలేదు, బుద్ధి చెప్పలేదు. నా రెండు రాతల పక్కన ఎర్రగా ఒకటే వరుస: "రాజేశం, వెనక పేజీలు చదువు."

చదివాను. పెద్ద అక్షరాల పేజీలు తిప్పేసుకుంటూ ఏడెనిమిది నెలల వెనక్కి పోతే సుగుణ టీచర్ రాత దొరికింది. అంత పొడుగు రాత ఆమెది అదొక్కటే. "పత్రిక నర్సయ్య సార్ దగ్గరి నుంచే వాపసు పోతది కాబట్టి మా దాకా రాదు. మా అత్తమ్మ రాజవ్వ వయోజన బడిల సదువు నేర్చుకున్నది. కథలంటే ఆమెకు పానం. నేను చదివి చెప్తానంటే వద్దంటది, తనే చదవాల్నట. ఎవరన్న ఈ వారం కథ జర పెద్ద అక్షరాలతోని రాస్తే ఆమె కూడబలుక్కుంటది." దాని కిందే నర్సయ్య సార్: "నేను రాస్త బిడ్డా. ఫికర్ చెయ్యకు."

నోరా వీపుకు దెబ్బలు తేకే అంటారు. నా వీపుకు ఎవరూ దెబ్బలు వేయలేదు, అదే నాకు మరీ బాధ. నా ఎగతాళికి ఒక పెద్దమనిషి కలం మూసుకున్నాడు. ఒక ముసలమ్మకు వారానికొకసారి దొరికే నాలుగు పేజీలు రెండు వారాలుగా దొరకలేదు. ఎన్నో ఏళ్లు అక్షరం లేకుండా బతికి, తీరా నేర్చుకున్నాక, ఆమె ముందునుంచి విస్తరి లాగేసినవాణ్ణి నేను. దీన్ని నేనే సరిచెయ్యాలి, ఇప్పుడే సరిచెయ్యాలి అనుకున్నాను. ఆ 'ఇప్పుడే' అనేది నా రోగమని అప్పుడు తట్టలేదు.

అరగంటలో కూర్చుని ఆ వారం సీరియల్ మొత్తం నేనే పెద్ద అక్షరాలతో దించాను. సునంద రైల్లో కూర్చుంది, ఎదురుగా ఒక వకీలు తన మొదటి భార్య కథ చెప్పాడు, ఆమె కన్నీళ్లు తుడుచుకుంది, సశేషం. మూడున్నర పేజీలు. వేళ్లు నొప్పిపెట్టాయి. నర్సయ్య సార్ ఇంతకాలం ఎట్లా రాశాడో అనుకుంటే ఆయన మీద గౌరవం పెరిగింది. చివర "క్షమించగలరు" అని కూడా రాసి, పుణ్యం చేసినవాడిలా సంచి యాకూబ్‌కు ఇచ్చాను. యాకూబ్ సంచి తీసుకున్నాడు, నా మొహం చూడలేదు.

నాలుగో ఆదివారం నా మూడున్నర పేజీల కింద నర్సయ్య సార్ "చదివిన" అనే రాశాడు. దాని కింద సుగుణ టీచర్ రాత ఉంది. "రాజేశం సార్‌కు. మా అత్తమ్మ అడుగుతున్నది. సునంద కాగజ్‌నగర్ల మిషన్ కొట్టు పెట్టుకున్నది గద, మళ్ల రైలు ఎందుకు ఎక్కింది? గా వకీలు ఎవరు? బర్రె ఈనే దినాలల్ల ఇల్లు ఇడిసిపెట్టి ఎటు పోతున్నది? అత్తమ్మ బాగ పరేషాన్ల ఉన్నది."

ఏ మిషన్ కొట్టు? ఏ బర్రె? సీరియల్లో బర్రె ఎక్కడిది? రెండుసార్లు చదివినా అర్థం కాలేదు. అప్పుడు, నేను ఆ ఊరికి వచ్చిన తర్వాత మొదటిసారి, నర్సయ్య సార్ రాసిన పేజీలు తెరిచి చదివాను. అవును, అదే మొదటిసారి. ఆ అక్షరాలు చూసి ఎగతాళి చేశానే గానీ, ఆ అక్షరాల్లో ఏముందో ఒక్కనాడూ చదవలేదు. పైన సీరియల్ పేరుంటే లోపల సీరియలే ఉంటుందనుకున్నాను. మొదటి మూడు వారాలు సీరియలే ఉంది. నాలుగో వారం సునంద కాగజ్‌నగర్ స్టేషన్లో దిగింది. ఒక దర్జీ భార్య దగ్గర చేరింది. పాత మిషన్ కొన్నది. ఇంటాయన వాకిట్లో బావి వాడుకోనివ్వకపోతే పదిమందిలో నిలబెట్టి అడిగింది. బర్రెను కొన్నది. ఆ బర్రెకు గొంతువాపు వస్తే రెండు వారాలు అదే కథ, నేనే ప్రాణం ఉగ్గబట్టుకుని చదివాను. మధ్యలో సుగుణ టీచర్ అతికించిన చీటీలు కూడా ఉన్నాయి. "బర్రె మేస్తున్నదా అని అత్తమ్మ అడుగుతున్నది." వచ్చేవారం కథలో బర్రె మేసింది. ఇంటావిడ మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే లేవలేదు. అచ్చులో వస్తున్న కథ కన్నా ఇదే వెయ్యి రెట్లు నయం. ఇక ఈ కథ ఏ పత్రికలోనూ దొరకదు. దాన్ని రాసేవాడు ఒక్కడే, ఆయన్ను నేను ఆపేశాను. పైగా బర్రె ఈనే ముందు ఆ పిల్లను తీసుకుపోయి రైలెక్కించాను.

పైకి పోయే బస్సు పొద్దున్నే పోయింది. సంచి భుజాన వేసుకుని నర్సయ్య సార్ ఊరికి నడిచాను. కొండదారి, ఎండ బాగా ఉంది. పోయేసరికి ఆయన బనీను మీద వాకిట్లో కూర్చుని పారకు పిడి బిగిస్తున్నాడు. లోపల ఆయన భార్య సర్వపిండి కాలుస్తున్నట్టుంది, నువ్వులు, వెల్లుల్లి కాలే వాసనకు నా ఆకలి గుర్తొచ్చింది. నన్ను చూసి ఆయన గబగబా అంగీ తొడుక్కున్నాడు.

"సార్, తప్పయింది" అన్నాను.

"ఏం తప్పు?"

"వెనక పేజీలు చదవకుండ రాసిన."

"ముందటియి?"

"అవి కూడ చదవలే సార్."

"మరి ఏం చదివి రాసినవు రాజేశం నువ్వు?"

"అక్షరాల సైజు చూసి రాసిన."

ఆయన నవ్వలేదు. వీధి వైపు చూసి, గొంతు తగ్గించి, "సునంద సంగతి ఎవలికన్న చెప్పినవా?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. అప్పుడు తెలిసింది, నేను అనుకున్నట్టు ఆయనకు అవమానమై కాదు, భయమై ఆగిపోయాడని. "మళ్లీ తమరు రాసుడు ఎందుకో మాకు తెల్వదనుకోకండి" అన్న నా మాట చదివి, గుట్టు నాకు దొరికిపోయిందనుకున్నాడట.

"ముప్పై ఏండ్లు పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పిన. రిటైరయ్యేటప్పుడు గింత పొడుగు అబద్ధం రాసుకుంట కూసున్న" అన్నాడు. "మూడు వారాలు ఉన్నది ఉన్నట్టే ఎత్తి రాసిన రాజేశం. గా పిల్ల రైల్లనే కూసున్నది. రాజవ్వ యాకూబ్‌తోని కబురంపింది, గా పిల్ల అన్నం తిన్నదా, ఎప్పుడు దిగుతది అని. నాకు మనసు నిలువలే. దించిన. దించినంక మళ్ల ఎక్కిచ్చుడు నాతోని కాలే."

"కేశవరావు సార్‌కు తెల్సా?"

"తెల్వది. తెలిస్తే బుక్కు బంద్ చేస్తడు."

కేశవరావు సారుకు మొదటి వారమే తెలుసు. తర్వాత మీటింగులో అడిగితే, "కాయ్ రే, ఏందిరా, నేను తెలుగు పంతుల్ని. అచ్చుల ఉన్న కథ మంచిగ లేదు, నర్సయ్యది మంచిగున్నది. గందుకే ఊకున్న" అన్నారు. యాకూబ్‌కూ తెలుసు. అతను ఉర్దూ మీడియంలో చదివినవాడు, నర్సయ్య సార్ అక్షరాల మీదనే తెలుగు పట్టుకున్నాడట. నర్సయ్య సార్ ఇంటి ముందు డ్రైవరు బీడీ కాల్చినంత సేపు సంచి విప్పి చదివేవాడు. పత్రిక చేతికందేవాళ్లలో తెలియనివాళ్లం ముగ్గురమే, నేనూ, ఔను సార్లిద్దరూ.

"మళ్లీ రాయండి సార్. రాజవ్వ ఎదురుచూస్తున్నది" అన్నాను.

"ఎట్ల రాయాలె? నువ్వు రైలెక్కిచ్చినవు. గా వకీలు ఒకడు మీద పడ్డడు. గిప్పుడు గది ఎట్ల కలుపుడు?"

ఇద్దరం కూర్చున్నాం. సంతకు పోయిందందామన్నాను నేను. సంతకు రైలెందుకన్నాడు ఆయన. చుట్టం చనిపోయిందందామన్నాను. ఉన్న బాధలు చాలవా ఆ పిల్లకన్నాడు. ఇట్లా ఒకరిదొకరు కొట్టేసుకుంటుంటే లోపలినుంచి ఆయన భార్య సర్వపిండి పళ్లెం తెచ్చి మా మధ్య పెట్టింది.

"మిషన్ సూది ఇరిగింది. సూదులు బల్లార్షాల దొరుకుతయి. పోయింది, తెచ్చుకున్నది" అంది.

"మరి వకీలు చెప్పిన కథ?" అన్నాడు నర్సయ్య సార్.

"ఆమె నిద్రవోయింది, ఇనలే. గింతదానికి ఇద్దరు సార్లు కావాల్నా?" అని లోపలికి పోయింది.

"నువ్వు ఎక్కిచ్చినవు, నువ్వే దించు" అని నర్సయ్య సార్ కలం నాకిచ్చాడు. ఒకటిన్నర పేజీలో సునందను బల్లార్షాకు పంపి, సూదులు కొనిపించి, కాగజ్‌నగర్ చేర్చాను. అక్కడినుంచి ఆయన అందుకున్నాడు. ఆ రోజు ఆయన ఐదు పేజీలు రాశాడు. తర్వాత నేను రాసిన కథలన్నింటికీ ఆ సూదుల ప్రయాణమే మొదలు. అది ఎక్కడా అచ్చు కాలేదు.

మా కాలం గొప్పదని చెప్పబోవడం లేదు. ఒక్క నోటుబుక్కుతో, ఐదుగురం ఉండి, ఒక పెద్దమనిషిని ఆపగలిగినవాళ్లం మేము. ఇప్పటివాళ్ల చేతిలో ఉన్నది మాకుంటే ఏం చేసేవాళ్లమో తలుచుకుంటేనే భయం. ఇప్పుడు నేనున్న వేదికలో కూడా అన్ని రకాలవాళ్లూ కనిపిస్తున్నారు. పుస్తకం పేరు చూసి తిట్టేవాళ్లున్నారు, తిట్టు చూసి ఔననేవాళ్లున్నారు, నెలల తరబడి నోరు విప్పకుండా అన్నీ చదివేవాళ్లూ ఉన్నారు. తేడా ఒకటే. మా మాట ఒకరి దగ్గరినుంచి ఒకరికి పోవాలంటే బస్సు రావాలి. తప్పు మాట రాసినవాడికి దానితో పాటు వారం రోజులు కాపురం చెయ్యాల్సి వచ్చేది. ఇప్పుడు వేలు ఆనిస్తే పోతుంది, పోయిన తర్వాత అది ఎవరి ఇంట్లో దిగిందో తెలియదు. రాజవ్వ లాంటి మనిషి ఆ చివర ఉందో లేదో చూసుకునే తీరిక ఎవరికీ లేదు, నాకూ లేదు. అందుకే పొద్దుతిరుగుడు పువ్వు అమ్మాయి మీద నాకు కోపం రాలేదు.

ఐదో ఆదివారం సంచి వచ్చింది. నర్సయ్య సార్ ఐదు పేజీల కింద ఈసారి సుగుణ టీచర్ రాత లేదు. పెన్సిలుతో, ఒక్కో అక్షరం ఆగి ఆగి దిద్దినట్టు, రూళ్లు దాటిపోతూ ఎవరో రాశారు. చదవడానికి నాకే చాలాసేపు పట్టింది. "సూదుల సంగతి తెలిసింది. మొన్న రైలెక్కిచ్చిన సారే ఇది రాసిండు, రాత ఒక్కటే ఉన్నది. సునంద బల్లార్షాకు పోయిన నాడు బర్రెకు గడ్డి ఎవలు ఏసిండ్రు? ఆ సారు మొదటి కాన్నుంచి చదివి రాయాలె. రాజవ్వ."

ఆ ఆదివారం నేను ఒక్క అక్షరం రాయలేదు. నోటుబుక్కు మొదటి పేజీ తీసి, కట్టుబాట్ల దగ్గరినుంచి మొదలుపెట్టాను. ఔను సార్ల ఔనులు కూడా వదలలేదు. మరునాడు పొద్దున్న బస్సు వచ్చి బడి ముందు ఆగి హారన్ కొట్టినా నాకు తెలియలేదు. మళ్లీ కొట్టింది. కాసేపటికి యాకూబ్ సంచి కోసం తానే దిగి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నా ఒళ్లో ఉన్న నోటుబుక్కును చూశాడు, నన్ను చూశాడు.

"ఏడిదాక వచ్చిండ్రు సార్?" అన్నాడు.

"బర్రెకు గొంతు వాచింది."

యాకూబ్ వెనక్కి తిరిగి, బస్సులో ఉన్న డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

"బండి బంద్ చెయ్యన్నా. సారు చదువుతుండు."